గీత మీద మూడు చుక్కలు

ఆ ఆసుపత్రిలో ఒక్కొక్కరికి ఒక్కో శత్రువు. నర్సులకి సూపరింటెండెంటు, సూపరింటెండెంటుకి అస్తమానం మొరాయించే లిఫ్టు, వంటగది వాళ్ళకి ఎలుకలు. రెండో అంతస్తు ల్యాబులో పనిచేసే ప్లేట్ల మేడమ్‌కి పావురాలు.

ప్లేట్లంటే అన్నం తినేవి కావు. అరచేతిలో ఇమిడే గుండ్రటి మూతగిన్నెలు. అడుగున జున్నులా గడ్డకట్టిన మేత ఉంటుంది. రోగి నెత్తురో, పుండులోని చీమో, వెన్నులోంచి తీసిన నీళ్ళో వస్తే, కాల్చి చల్లార్చిన తీగతో ఒక్క చుక్క ముంచి ఆ మేత మీద గీతలు గియ్యాలి. తర్వాత వెచ్చటి పెట్టెలో పెట్టి రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి. రోగానికి కారణమైన పురుగు ఆ గీతల వెంట చుక్కలు చుక్కలుగా మొలుస్తుంది. ఆ చుక్కల్ని చూసి ఇది ఫలానా అని తేల్చడం మేడమ్ పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. కొత్త డాక్టర్లు పుస్తకాలు తిరగేస్తూ ఉండగానే ఆవిడ ప్లేటుని దీపం కింద అటూ ఇటూ వంచి పేరు చెప్పేసేది. ఆ మాట తప్పిందని ఎవరూ వినలేదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసినట్టే నడిచేది కూడా.

పావురాలతో పేచీ ఎక్కడొచ్చిందంటే, ల్యాబు కిటికీ బయట ఏసీ పెట్టె కింద మూరెడు వెడల్పు సిమెంటు గట్టు ఒకటి ఉంది. కింద ఆవరణలో రోగుల తాలూకు వాళ్ళు కూర్చుంటారు. లోపలినుంచి ఏ కబురొస్తుందో అని ఎదురుచూసేవాళ్ళ చేతులు ఊరుకోవు, రొట్టెముక్కలు తుంచి పావురాలకి వేస్తుంటాయి. అవి కింద మేసి, పైకొచ్చి గట్టు మీద తీరిగ్గా రెట్ట వేస్తాయి. ఏళ్ళ తరబడి పేరుకున్న ఆ రెట్ట ఎండి, పొడై, ఏసీ సందుల్లోంచి లోపలికి వచ్చేది. అందులో ఈస్టు ఉంటుంది. రొట్టెల పిండిని పొంగించే ఈస్టుకి ఇది దాయాది. దాయాదులు కదా, వంశం ఒకటే గాని బుద్ధులు వేరు. మోసుకు తిరిగే పావురానికి దానివల్ల తుమ్ము కూడా రాదు. మేడమ్ ప్లేట్ల మీద మాత్రం పిలవని పేరంటంలా ఎక్కడపడితే అక్కడ గులాబీరంగు చుక్కలూ మీగడరంగు చుక్కలూ లేచేవి.

"పావురాల పంట వచ్చింది చూడండర్రా" అని మేడమ్ ఆ ప్లేట్లని ఎర్రసంచిలో పడేసేది. సంచి సాయంత్రం ఆవిరిబాయిలర్‌లోకి పోయి ఉడికేది. రిజిస్టర్లో 'కలుషితం' అని ఒక్క మాట పడేది. వార్డుకి పంపే కాగితం మీద రబ్బరు ముద్ర ఒకటి పడేది. ఆ ముద్రని ఆఫీసువాళ్ళు ఎప్పుడో చేయించారు. 'శాంపిల్ కలుషితమైనది. సేకరణలో జాగ్రత్త వహించి మళ్ళీ పంపగలరు' అని ఉంటుంది దాని మీద. తప్పు ల్యాబు గాలిదైనా సరే, ముద్ర మాత్రం వార్డువాళ్ళ సేకరణనే తప్పుబట్టేది. ఇంకో ముద్ర చేయించండి అని మేడమ్ ఒకసారి అడిగింది. ఉన్నది అరిగిపోయాక చూద్దామన్నారు.

అసలు చుక్కకీ గాలిచుక్కకీ తేడా తెలుసుకోవడానికి ఒక సూత్రం ఉంది. మేడమ్‌కి పని నేర్పిన పాత టెక్నీషియను చెప్పింది. గీత మీద మొలిచింది రోగిది, గీత పక్కన మొలిచింది గాలిది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళ చేతా మేడమ్ దీన్ని ఎక్కంలా వల్లె వేయించేది. రెండో నియమం ఆవిడ సొంతం. ల్యాబుకొచ్చే సీసాల మీద పేర్లు ఉండకూడదు, రోగి నంబరే ఉండాలి. ఒకప్పుడు పిన్ని కూతురి నెత్తురు పరీక్షకొస్తే చెయ్యి వణికి ప్లేటు జారవిడిచింది. "పేరు చూస్తే చెయ్యి వణుకుతుంది సార్. నంబరుకి చుట్టరికాలుండవు" అని పెద్ద డాక్టరుతో వాదించి ఆ పద్ధతి పెట్టించుకుంది. పెద్ద డాక్టరంటే ల్యాబు అధికారి. సంతకానికి తప్ప పెన్ను మూత తియ్యని మనిషి.

గట్టుకి వల కట్టించమని మేడమ్ పదమూడు ఉత్తరాలు రాసింది. ప్రతి సోమవారం కిటికీ కింద ఒక ప్లేటు మూత తీసి గంటసేపు ఉంచి, అందులో మొలిచిన చుక్కలు లెక్కపెట్టి ఆ లెక్క ఉత్తరానికి జతచేసేది. 'పరిశీలనలో ఉన్నది' అని జవాబొచ్చేది. గట్టు గోడది, గోడ భవనాల విభాగం వాళ్ళది. రెట్ట చెత్త కిందికొస్తుంది, చెత్త పారిశుధ్యం వాళ్ళది. వాళ్ళు వీళ్ళమీదా, వీళ్ళు వాళ్ళమీదా చెప్పుకుంటూ ఉంటే పావురాలు గుడ్లు పెట్టి పిల్లల్ని కూడా చేశాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది మేడమ్ పని.

అలాంటి రోజుల్లో ఆవిడ కళ్ళు నిచ్చెన మీద పడ్డాయి.

నిచ్చెన అంటే రెండో అంతస్తు ఊడ్చి తుడిచే మనిషి. ఆరడుగుల పైచిలుకు. దీపాలు మార్చడానికి అతనికి బల్ల అవసరం లేదు, అందుకే ఆ పేరు. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు. మేడమ్ "బాబాయ్" అని పిలిచేది. మోకాళ్ళ నొప్పులకి మందులషాపువాడు ఇచ్చిన మాత్రలు ఏడాదిగా రోజూ మింగుతున్నాడు. వాటితో బుగ్గలు ఉబ్బి మొహం గుండ్రంగా తయారైంది. మేడమ్ ఒకసారి ఆ మాత్రల అట్ట చూసింది. నొప్పిని జోకొట్టడంతోపాటు రోగాలు చొరబడకుండా ఒంట్లో కాపలా కాసేవాటిని కూడా జోకొట్టే రకం అవి.

"ఇవి రోజూ మింగేవి కావు బాబాయ్" అంది.

"నిచ్చెన వంగాలంటే కీళ్ళకి నూనె పెట్టాలి కదమ్మా" అన్నాడు.

ఇద్దరూ నవ్వుకున్నారు. అంతటితో ఆ మాట అయిపోయింది.

ఎండాకాలంలో ఒకనాడు పొద్దున్నే మేడమ్ అతన్ని లోపలికి పిలిచి కిటికీ చూపించింది. "నీ పని కాదని నాకు తెలుసు. కానీ నువ్వు తప్ప ఆ గట్టు మీద ఎవరు నిలబడతారు?" అంది. పొగిడితే పొంగిపోయే మనిషి కాదు గాని, ఎవరైనా ఒక పని అడిగితే కాదనడం చేతకాదు. నడుముకి తాడు కట్టుకుని, తాపీవాళ్ళ రేకు ఒకటీ చీపురు ఒకటీ పట్టుకుని కిటికీలోంచి బయటికి దిగాడు.

రెట్ట రాయిలా గట్టిపడి ఉంది. "నీళ్ళు చల్లి నాననివ్వనామ్మా?" అని అడిగాడు.

"వద్దు బాబాయ్. తడి ఏసీలోంచి లోపలికి దిగిందంటే గోడంతా బూజు పడుతుంది. మళ్ళీ నా ప్లేట్లకే చేటు. పొడిగానే గీకెయ్" అంది మేడమ్.

ఈ మాట అన్న మనిషి ప్రతి ఏడాదీ కొత్త సిబ్బందిని కూర్చోబెట్టి పాఠం చెప్పేది. ఎండిన పక్షిరెట్టని పొడిగా కదపకూడదు, తడపాలి, ముక్కూ నోరూ కప్పుకోవాలి అని నల్లబల్ల మీద రాసి మరీ చెప్పేది. ఆ రోజు కూడా ఆవిడ మొహానికి మాస్కు ఉంది. మాస్కుల డబ్బా బల్ల మీదే ఉంది. అతనికి ఒకటి ఇవ్వాలని తోచలేదు. దుమ్ము లోపలికి రాకుండా ఆవిడ కిటికీ మూసి గొళ్ళెం పెట్టింది. గాజు ఇవతల నిలబడి, ఇంకా మిగిలిన చోటల్లా వేలితో చూపించింది. ఆ మూల, ఏసీ వెనకాల, ఆ గూడు కింద. అతను దగ్గుకుంటూ, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ గీకాడు. గంటన్నర పట్టింది. లోపలికొచ్చేసరికి పిండిమరలోంచి వచ్చినవాడిలా ఉన్నాడు. మేడమ్ టీ తెప్పించి ఇచ్చింది. మనస్ఫూర్తిగానే ఇచ్చింది.

నెల రోజులు ప్లేట్లు అద్దాల్లా ఉన్నాయి. మేడమ్ ఇంట్లో కూడా హుషారుగా ఉండేది. "నీ పావురాలు పోతే నేనే బతికిపోయినట్టుంది" అని భర్త వేళాకోళం చేశాడు. ఆయన బడిలో లెక్కల మాస్టారు. రోజూ రాత్రి భోజనాల దగ్గర పావురాల కథ విని విని ఉన్నవాడు. తర్వాత పావురాలు మళ్ళీ వచ్చాయి. ఉత్తరాలు చదవనట్టే అవి గీకిన గట్టుని కూడా లెక్కచెయ్యలేదు. ప్లేట్ల మీద చుక్కలు మళ్ళీ మొదలయ్యాయి. మేడమ్ పద్నాలుగో ఉత్తరానికి సామగ్రి పోగుచెయ్యసాగింది. ఈమధ్య నిచ్చెన కనబడటం లేదని గమనించి ఒకసారి అడిగింది. సెలవు పెట్టాడన్నారు. సరే అనుకుంది.

ఆ మంగళవారం వెచ్చటి పెట్టెలోంచి తీసిన ప్లేట్లలో నాలుగు పాడయ్యాయి. గీతలతో పని లేకుండా ఎక్కడపడితే అక్కడ చుక్కలు. మేడమ్ వాటిని వరసగా పేర్చి పెట్టుకుంది. ఐదోది నాలుగువందల పదిహేడో నంబరు. వెన్నునీరు. మీగడరంగు చుక్కలు మూడు ఉన్నాయి. జిగటగా, మెరుస్తూ, నిండుగా ఉన్నాయి. ఆ మూడూ గీత మీదే ఉన్నాయి.

ఆవిడ చూసింది. తొందరలో ఉంది, చూడలేదు అని చెప్పి ఆవిడని వెనకేసుకు రావచ్చు గాని అది అబద్ధం. చూసింది, గీత మీద ఉన్నాయని కూడా చూసింది. కానీ ఆ పొద్దున ఆవిడ మనసంతా ఉత్తరం మీద ఉంది. ఒక్క రోజులో నాలుగు ప్లేట్లు పాడయ్యాయని రాయడం కన్నా ఐదు పాడయ్యాయని రాస్తే దెబ్బ గట్టిగా తగులుతుంది. పైగా వెన్నునీరు కూడా పాడైందంటే పై అంతస్తు డాక్టర్లు కూడా గొడవ చేస్తారు. వల రావాలంటే అలాంటి గొడవే కావాలి. 'ఇది కూడా వాటి పనే' అనుకుంది. అనుకోవాలని ఉంది కాబట్టి అనుకుంది. ఐదు ప్లేట్లూ ఎర్రసంచిలోకి పోయాయి. ముద్ర పడింది. ఉత్తరం మధ్యాహ్నానికల్లా తయారైంది. ఈసారి చాలా బాగా కుదిరిందని ఆవిడే రెండుసార్లు చదువుకుంది.

పై అంతస్తులో నాలుగువందల పదిహేడో నంబరు రోగి తలనొప్పితో మూలుగుతున్నాడు. మెడ పట్టేసింది. వెలుతురు చూడలేకపోతున్నాడు. వెన్నునీటిలో కణాలు పెరిగాయి గాని ప్లేటు 'కలుషితం' అని వచ్చింది. మళ్ళీ వెన్నులో సూది అంటే రోగి భయపడ్డాడు, డాక్టర్లూ బలవంతపెట్టలేదు. మెదడుకి పట్టిన క్షయ అయ్యుంటుందని మందులు మొదలుపెట్టారు. ఆ మందులతోపాటు, మోకాళ్ళ నొప్పులకి అతను మింగిన రకం మందునే ఇంకాస్త ఎక్కువ మోతాదులో ఇచ్చారు. క్షయ అయితే అది సాయం చేసేదే. ఇక్కడ మాత్రం దొంగకి తాళంచెవి ఇచ్చినట్టయింది.

పది రోజుల తర్వాత మనిషి తెలివి తప్పుతుంటే నరాల వైద్యుడొకాయన వచ్చి, మళ్ళీ వెన్నునీరు తీయించి, కాగితం మీద 'ఫంగస్ కోసం చూడండి' అని రాసి పంపాడు. నల్లసిరా చుక్కలో ఆ నీటిచుక్క కలిపి సూక్ష్మదర్శిని కింద పెట్టింది మేడమ్. నల్లటి నేల మీద గుండ్రటి కణాలు, ఒక్కో కణం చుట్టూ తెల్లటి వలయం. పావురాలు మోసే ఈస్టుల్లో, ఊపిరితో లోపలికి పోయి మనిషి మెదడుదాకా పాకే జాతి ఇదొక్కటే. మేడమ్‌కి ఒళ్ళు ఝల్లుమంది. అందులో సగం భయం, సగం పట్టుకున్నానన్న సంతోషం. మూడు నిమిషాల్లో వార్డుకి ఫోను చేసింది. "సరైన మందు వెంటనే మొదలుపెట్టండి" అని చెప్పింది. ఫోను పెట్టేసి, తన పనితనానికి తానే ముచ్చటపడుతూ చేతులు కడుక్కుంది.

అప్పుడు రిపోర్టులిచ్చే కిటికీ దగ్గరికి ఒకామె వచ్చింది. నలభైఐదు, యాభై మధ్య ఉంటుంది. చేతిలో మడతలు పడ్డ చీటీ.

"రిపోర్టు అయిందామ్మా? పైన తొందరగా తెమ్మన్నారు" అంది.

"ఫోన్లో చెప్పేశానమ్మా. నువ్వెవరి తాలూకు?"

"మా ఆయనేనమ్మా. మీకు తెలుసు. ఇక్కడే ఊడుస్తాడు, అందరూ నిచ్చెన అంటారు. మా మేడమ్ ల్యాబులోనే నా పరీక్ష జరుగుతోంది, నాకేం భయం లేదు అని మొదట్లో అంటూ ఉండేవాడు. ఇప్పుడు మాట సరిగ్గా రావట్లేదు."

మేడమ్ చీటీ తీసుకుంది. నాలుగువందల పదిహేడు. రిజిస్టరు తిప్పింది. పది రోజుల కిందటి పేజీలో అదే నంబరు ఉంది. పక్కన 'కలుషితం' అని తన గుండ్రటి అక్షరాలే. ఆ మూడు చుక్కలు ఉన్నచోట ఉన్నట్టే కళ్ళముందుకొచ్చాయి. రిజిస్టరు మూసేసింది.

"ఏమైందమ్మా? మంచిదేనా?" అంది ఆమె.

"జబ్బేమిటో తెలిసిందమ్మా. మందుంది" అంది మేడమ్.

ఆమె చేతులెత్తి దణ్ణం పెట్టింది. "మీ చెయ్యి చల్లగా ఉండాలి తల్లీ" అని పైకి పరిగెత్తింది. ఆ దీవెన విన్నాక మేడమ్ ఆ పూట ఇంకే ప్లేటూ ముట్టుకోలేకపోయింది.

మర్నాడు వార్డుకి వెళ్ళింది. మంచం పొడవు చాలక నిచ్చెన కాళ్ళు కమ్మీల్లోంచి బయటికి వచ్చి ఉన్నాయి. కొత్త మందు ఎక్కుతోంది, దాంతో ఒళ్ళు వణికిపోతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని చూపు ఆనటం లేదు. గొంతు పట్టి గుర్తుపట్టాడు.

"మేడమ్... మళ్ళీ వచ్చాయా అవి?" అన్నాడు.

"ఏవి బాబాయ్?"

"పావురాలు. లేచాక... ఇంకోసారి గీకుతాలెండి."

పక్కన భార్య కొంగుతో అతని మూతి తుడుస్తోంది. మేడమ్ చెప్పాలనుకుని వచ్చిన మాటలు వేరు. "ముందు నువ్వు లే" అంది. కిందికొచ్చి బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చింది. చచ్చేంత సిగ్గేసింది ఆవిడకి.

మందు పనిచేసింది గాని, ఆలస్యం దాని పని అది చేసింది. మందు మొదలైన పన్నెండో రోజు మధ్యాహ్నం నిచ్చెన పోయాడు. పది రోజులు ముందు మొదలుపెట్టి ఉంటే లేచి తిరిగేవాడేనని నరాల వైద్యుడు వార్డులో అందరిముందూ అన్నాడు. ఆ మాట లిఫ్టులో ఒకరికొకరు చెప్పుకుంటూ రెండో అంతస్తుకి రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

విచారణకి కమిటీ వేశారు. కమిటీ కూర్చోవడానికి ముందు రోజు మేడమ్ పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"సార్, ఆ ప్లేటు కలుషితం కాదు. చుక్కలు గీత మీదే ఉన్నాయి. నేనే చూశాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ ప్లేటు ఉందా?"

"లేదు సార్. ఆ సాయంత్రమే ఉడికించి పారేశాం."

"ఫోటో?"

"లేదు."

"రిజిస్టర్లో ఏముంది?"

"కలుషితం అని ఉంది. అది నేనే రాశాను గనకే చెబుతున్నాను."

"నువ్వు రాసింది నమ్మాలా, ఇప్పుడు చెప్పేది నమ్మాలా? చూడమ్మా, కిటికీ దగ్గర పావురాలున్నాయా? ఉన్నాయి. వల కట్టమని నువ్వు పద్నాలుగు ఉత్తరాలు రాశావా? రాశావు. ఆ రోజు నాలుగు ప్లేట్లు నిజంగానే పాడయ్యాయా? అయ్యాయి. మరింకేం కావాలి? ఈ ల్యాబు తప్పేమీ లేదు. ఆ ఉత్తరాలు జిరాక్సు తీసి పట్టుకురా."

"అతని చేత ఆ గట్టు గీకించింది కూడా నేనే సార్."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఆ సంగతి నిన్ను ఎవరైనా అడిగారా?" అన్నాడు.

ఎవరూ అడగలేదు.

ఇంట్లో భర్తకి చెప్పింది. ఆయన చాలాసేపు అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. పావురాల గురించి ఇక వేళాకోళాలు లేవు. "నువ్వు చెబితే ఆ మనిషి లేచొస్తాడా?" అన్నాడు చివరికి. ప్రశ్నలా అడిగాడు గాని, జవాబు కూడా ఆయనే పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టుంది. మేడమ్ ఆ జవాబు పుచ్చుకుంది. గుండె మీంచి బరువు కొంచెం దిగినట్టనిపించింది. అలా దిగినందుకు తన మీద తనకే రోతపుట్టింది.

కమిటీలో ఐదుగురు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట ఏమైందో మాత్రం తెలియదు. భవనాల విభాగం పారిశుధ్యాన్ని చూసింది, పారిశుధ్యం భవనాలని చూసింది, మందులషాపువాడిని అందరూ కలిసి తిట్టారు. పద్నాలుగు ఉత్తరాలు బల్ల మీద పరిచారు. ఇంత వివరంగా, ఇన్నాళ్ళ ముందే హెచ్చరించిన ఉద్యోగి ఉండి కూడా పట్టించుకోకపోవడం విచారకరమని రాశారు. ల్యాబు మేడమ్ ముందుచూపుని మెచ్చుకుంటున్నామని ఇంకో వాక్యం రాశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు గట్టుకి వల వెంటనే మంజూరైంది. ఏడేళ్ళు కదలని కాగితం ఏడు రోజుల్లో కదిలింది. మేడమ్ సంతకం పెట్టమన్నచోట సంతకం పెట్టింది.

నిచ్చెన ఉద్యోగం అతని భార్యకిచ్చారు. ఆ మాత్రం దయ చూపించారని ఆసుపత్రంతా చెప్పుకుంది. చేరిన మూడో రోజున ఆమెని ల్యాబుకి పంపారు. మర్నాడు వల కట్టేవాళ్ళు వస్తారు, ఈలోగా గట్టు శుభ్రం చెయ్యాలి.

ఈసారి మేడమ్ అన్నీ దగ్గరుండి చూసుకుంది. మందమైన మాస్కు తనే కట్టింది, చెవుల వెనక బిగించింది. చేతులకి తొడుగులు, కళ్ళకి అద్దాలు పెట్టింది. "బకెట్టు నీళ్ళు పొయ్యి. బాగా నానాకే ముట్టుకో" అని పదిసార్లు చెప్పింది. లోపల తడి దిగితే దిగనిమ్మంది. ప్లేట్లన్నీ పక్కగదిలోకి మార్పించింది. కిటికీ తెరిచే ఉంచి, గంటసేపు ఆమె నడుం తాడు చేత్తో పట్టుకుని నిలబడింది. ఇంత జాగ్రత్త ఎవరూ చెయ్యలేదని ఆమె మురిసిపోయింది. మేడమ్ ఇంకో బకెట్టు నీళ్ళు అందించింది.

పనయ్యాక ఆమె లోపలికొచ్చి, తొడుగులు తీసి, చేతులు కడుక్కుంది. వెళ్ళబోతూ బకెట్టు కింద పెట్టింది.

"అమ్మా, ఒకటి అడగనా? ఎవర్ని అడగాలో తెలియక ఊరుకున్నాను."

"అడుగు."

"మొదటిసారి వెన్నులోంచి నీళ్ళు తీసినప్పుడు మనుషులు చాల్లేదని నర్సమ్మ నన్ను పట్టుకోమంది. తల మోకాళ్ళకి ఆనించి, కదలకుండా పట్టుకోవాలంది. ఆయనేమో అంత పొడుగు మనిషి. సూది దిగగానే రెండుసార్లు కదిలాడు. నా చెయ్యి జారింది. తర్వాత కాగితం మీద ముద్ర వేసి పంపారు కదా, జాగ్రత్తగా తియ్యలేదు, పాడైపోయింది అని. మా అమ్మాయి చదివి చెప్పింది. ఆ పది రోజులూ అందుకే పోయాయంటున్నారు అందరూ." ఆమె బకెట్టు వైపు చూస్తూ మాట్లాడుతోంది. "నేను సరిగ్గా పట్టుకోకపోవడం వల్లే పాడైందా అమ్మా?"

మేడమ్ నోరు తెరిచింది. కాదు అని ఒక్క మాట అంటే చాలు. కానీ కాదు అంటే ఆమె అక్కడితో ఆగదు, మరెందుకు పాడైంది అని అడుగుతుంది. ఆ ప్రశ్నకి జవాబు ఈ భూమ్మీద మేడమ్ ఒక్కదానికే తెలుసు. గదిలో ఇంకెవరూ లేరు. ఆమె ఎదురుచూస్తోంది.

"ఇప్పుడవన్నీ తలుచుకుని ఏం లాభం" అంది మేడమ్.

 ఆమె నెమ్మదిగా తలూపింది.

"అంతేలెండి. నాకు తెలుస్తూనే ఉంది. ఇంకాస్త గట్టిగా పట్టుకోవాల్సింది."

బకెట్టు ఎత్తుకుంది. వల కట్టాక కిటికీ కింద మళ్ళీ చెత్త పడుతుంది కదా, రేపొచ్చి ఇంకోసారి తుడుస్తానంది. మేడమ్ సరేనంది.